పొట్లం మీది పాప ఎవరమ్మాయి?

పార్లె-జి బిస్కెట్ పొట్లం ఒక్కసారైనా గడప దాటి లోపలికి రాని ఇల్లు ఉంటుందంటారా? ఆ పొట్లం మీది పాప మీకు బాగా తెలుసు. పొట్టి జుట్టు, నిండు బుగ్గలు, అమాయకపు చూపు. మన చిన్నప్పుడు ఆ పాప మన ఈడుది. మనకి పిల్లలు పుట్టాక వాళ్ళ ఈడుది. ఇప్పుడు మనవలకి టీలో ముంచి పెడుతుంటే వాళ్ళ ఈడుదై కూర్చుంది! అందుకే ఎప్పుడో ఒకప్పుడు ప్రతి ఇంట్లోనూ ఈ ప్రశ్న వస్తుంది. ఇంతకీ ఎవరీ పాప? నిజంగా ఉందా? ఉంటే ఈపాటికి ఎన్నేళ్ళుంటాయి?

జవాబులకేం కొదవ లేదు. నాగపూర్‌లో ఎవరో ఆవిడట, నాలుగున్నరేళ్ళప్పుడు వాళ్ళ నాన్న తీసిన ఫోటోయే పొట్లం మీదికెక్కిందట. కాదు, కర్ణాటకలో పేరున్న ఒక రచయిత్రి చిన్నప్పటి ఫోటో అని ఇంకొకరు. వాట్సాప్ వచ్చాక ఈ కథలకి కాళ్ళే కాదు, రెక్కలు కూడా వచ్చాయి. నెరిసిన జుట్టుతో ఒక పెద్దావిడ ఫోటో, పక్కనే బిస్కెట్ పొట్లం. "అవునే, కళ్ళు చూడు, అచ్చం అవే" అంటూ మన వదినగారు ఒప్పేసుకుంటారు. ఆవిడ ఒప్పుకున్నాక మనం కాదంటే బాగుండదు కదా!

కంపెనీ వాళ్ళు మాత్రం తేల్చి చెప్పేశారు. అది ఎవరి ఫోటో కాదు, ఉత్త బొమ్మ. 1960ల్లో ఎవరెస్ట్ అనే ప్రకటనల సంస్థలో మగన్‌లాల్ దహియా అనే చిత్రకారుడు గీసిన బొమ్మ. అంతకుముందు ఆ పొట్లం మీద పాపే లేదు. పాలావిడా, ఆవూ ఉండేవి. అప్పట్లో పేరు కూడా పార్లె గ్లూకో. గ్లూకో బిస్కెట్లంటూ తలొకరూ తయారు చేసి అమ్మడంతో, కొట్లో "గ్లూకో బిస్కెట్లివ్వు బాబూ" అంటే కొట్టువాడు చేతికందింది ఇచ్చేవాడు. ఆ గందరగోళం పోవడానికి 1980ల మొదట్లో పేరు పార్లె-జి అయింది. చదువురాని వాళ్ళక్కూడా గుర్తుండేలా పాప బొమ్మ ఎలాగూ ఉంది. ఇంట్లో చిన్నవాడికి డబ్బులిచ్చి పంపుతూ "పాప బొమ్మ ఉన్నది తీసుకురా, వేరేది తేకు" అని మీరెన్నిసార్లు చెప్పలేదు?

బొమ్మ అని తెలిశాక మనసుకి కాస్త వెలితిగానే ఉంటుంది. ఇన్నేళ్ళుగా మన పిల్లలతో పాటు పెరగకుండా మన వంటింట్లో తిరిగిన పిల్ల కదా. ఎక్కడో ఒక ఊళ్ళో పెద్దదై, పెళ్ళయి, మనలాగే గ్యాస్ పొయ్యి ముందు నిలబడి ఉందనుకుంటే అదో తృప్తి. అందుకే కంపెనీ ఎన్నిసార్లు కాదన్నా ఆ కథ చావదు.

అమూల్ సంగతి ఇంకా తమాషా. అక్కడ ఇద్దరు పిల్లలున్నారు. ఒకరు ఉత్త బొమ్మ, ఒకరు నిజం పాప. చుక్కల గౌను, నీలం జుట్టు, ముక్కు లేని మొహం... వెన్న పొట్లం పిల్ల బొమ్మేనని చూస్తేనే తెలుస్తుంది. 1966లో సిల్వెస్టర్ డకున్హా, యూస్టేస్ ఫెర్నాండెజ్ అనే ఇద్దరు కలిసి ఆ పిల్లని పుట్టించారు. అంతకుముందు వెన్న అంటే పోల్సన్ వెన్నే. ఆ పోల్సన్‌కి పోటీగా వచ్చిందే ఈ అల్లరి పిల్ల. మన అమ్మమ్మల కాలంలో గొప్పగా వెలిగిన ఆ పోల్సన్ పేరు ఇప్పుడు మన పిల్లల్ని అడిగి చూడండి, అదేదో మందు పేరంటారు! అమూల్ పిల్లని అంత తేలిక గీతల్లో ఎందుకు గీశారంటే, అప్పట్లో వీధుల్లో పెట్టే ప్రకటన బోర్డులన్నీ చేత్తో రంగులు వేసినవే. ఏ పెయింటర్ వేసినా ఒకేలా రావాలి మరి. పండక్కి వాకిట్లో వేసే ముగ్గులాగా అన్నమాట. చుక్కల లెక్క తేలిగ్గా ఉంటేనే పదిమందికీ వస్తుంది.

అదే అమూల్ వారి పాలపొడి ప్రకటనలో కనిపించిన పసిపాప మాత్రం అచ్చంగా నిజం. 1960ల మొదట్లో వందల ఫోటోలు చూసి ఒక పాపని ఎంచుకున్నారు. ఆ పాప శోభా థరూర్. శశి థరూర్ గారి చెల్లెలు. తర్వాత రచయిత్రి అయ్యారు, ఆ సంగతి ఆవిడే చెప్పుకున్నారు.

రస్నా అయితే మన తెలుగువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. 1980ల్లో టీవీలో "ఐ లవ్ యూ రస్నా" అన్న పిల్లల్లో ఒకరు పెద్దయి మన సినిమాల్లోకే వచ్చారు. 2002లో "లాహిరి లాహిరి లాహిరిలో", 2003లో "సింహాద్రి" చూసినవాళ్ళందరికీ అంకిత తెలుసు. హాల్లో పక్క సీటావిడ "ఈ అమ్మాయి రస్నా బేబీయేనండీ" అంటే నమ్మనివాళ్ళుండేవారు. ఆ మాట మాత్రం నిజమే!

పేర్లలో కూడా ఇలాంటి చిక్కులున్నాయి. మ్యాగీ అంటే ఏ మేరీకో, మార్గరెట్‌కో ముద్దుపేరనుకుంటాం. కానీ అది మగమనిషి ఇంటిపేరు. జూలియస్ మ్యాగీ అని స్విట్జర్లాండ్‌లో పిండిమర నడిపిన ఆయన. అక్కడ ఫ్యాక్టరీ పనులకి వెళ్ళే ఆడవాళ్ళకి ఇంటికొచ్చి వండుకునే తీరిక ఉండేది కాదు, ఇంటిల్లిపాదికీ తిండి సరిగా ఉండేది కాదు. వాళ్ళ కోసమని పప్పుధాన్యాల పిండితో త్వరగా ఉడికే పదార్థాలు చేశాడు. 1886లో సూపు పొడులు తెచ్చాడు. ఆయన 1912లోనే పోయాడు. మన దేశానికి నూడుల్స్ వచ్చింది 1983లో. అంటే మనం రోజూ పేరు తలుచుకునే ఆ పెద్దమనిషికి నూడుల్స్ ఊసే తెలీదన్నమాట!

ఇక్కడిదాకా సరదాగానే ఉంది. పిల్లల బొమ్మలు కదా, ఉన్నా లేకపోయినా ఎవరికీ నష్టం లేదు. పెద్ద ఆడవాళ్ళ బొమ్మలు పెట్టి, వాళ్ళ నోట వంటల మాటలు చెప్పించి అమ్మినప్పుడు సంగతి వేరు. అది అమెరికాలో జరిగింది.

1921లో అక్కడ మినియాపొలిస్ నగరంలోని ఒక పిండి కంపెనీ పత్రికలో బొమ్మల పజిలు ఇచ్చింది. నింపి పంపితే బహుమతి, పిండి బస్తా ఆకారంలో గుండుసూదులు గుచ్చుకునే చిన్న దిండు. ముప్ఫై వేలకు పైగా జవాబులు వచ్చాయి. వాటితో పాటు వందలకొద్దీ ప్రశ్నలు. మా కేకు ఎందుకు పొంగడం లేదు? రొట్టె ఎందుకు గట్టిబడుతోంది? జవాబులు చెప్పడానికి కంపెనీలో వంటలు తెలిసిన ఆడవాళ్ళున్నారు. సంతకం పెట్టాల్సిన ప్రకటనల విభాగం అధికారి మాత్రం మగవాడు. వంట సంగతి మగవాడు చెబితే ఏ ఇల్లాలు వింటుంది? అందుకని ఒక ఆడమనిషిని కల్పించారు. కంపెనీలో పనిచేసి రిటైరైన క్రాకర్ గారి ఇంటిపేరు తీసుకుని, ముందు బెట్టీ అని ఇంపైన పేరు తగిలించారు. సంతకం కోసం ఉద్యోగినుల మధ్య పోటీ పెట్టి ఒకమ్మాయి దస్తూరీ ఖాయం చేశారు. అలా పుట్టింది బెట్టీ క్రాకర్.

1924 నుంచి బెట్టీ రేడియోలో వంటలు నేర్పింది. 1936లో ఆవిడకి మొహం కూడా గీయించారు. 1945లో ఫార్చ్యూన్ పత్రిక లెక్క ప్రకారం అమెరికాలో అందరికీ తెలిసిన ఆడవాళ్ళలో మొదటావిడ అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్, రెండో ఆవిడ బెట్టీ క్రాకర్. లేని మనిషికి రెండో స్థానం! ఉత్తరాలు వేలకొద్దీ వచ్చేవి. కేకుల సంగతులే కాదు, ఇంటి గొడవలు, ఒంటరితనం, దిగుళ్ళు కూడా రాసేవాళ్ళట. కంపెనీ వంటశాల చూడటానికి వచ్చి, బెట్టీ అంటూ ఎవరూ లేరని తెలిసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. మరి ఆ జవాబులు ఎవరివి? ఏళ్ళ తరబడి ఆ రేడియో మాటలు రాసి, ఆ పనంతా నడిపినావిడ మార్జరీ హస్టెడ్. ఆవిడ కింద వంటలు చేసి చూసి, కొలతలు సరిచేసి, ఉత్తరాలు రాసిన ఆడవాళ్ళు ఎందరో. వాళ్ళ పేర్లు ఇల్లాళ్ళకి తెలియలేదు. మొహం లేనివాళ్ళ పనికి మనిషి లేని పేరు.

ఈ విషయంలో మనం అదృష్టవంతులం. ఆంధ్రప్రభ వారపత్రికలో "ప్రమదావనం" శీర్షికకి ఉత్తరం రాసిన మన అమ్మలకి జవాబిచ్చింది నిజం మనిషి. నలభై ఏళ్ళకు పైగా మాలతీ చందూర్ గారు తన పేరుతోనే చెప్పారు, తన పేరుతోనే "వంటలు పిండివంటలు" పుస్తకం రాశారు. 2013లో ఆవిడ పోయినప్పుడు, ఎన్నడూ చూడని వాళ్ళు కూడా మా ఇంట్లో మనిషి పోయిందన్నట్టు బాధపడ్డారు. అలా బాధపడటానికైనా ఒక మనిషి ఉండాలి కదా.

బెట్టీ విషయంలో లేని మనిషిని ఉందన్నారు. ఆంట్ జెమైమా విషయంలో ఉన్న మనిషిని లేకుండా చేశారు. అది అట్ల పిండి పొట్లం. మన అట్టు కాదు, పాన్‌కేక్ అని తియ్యగా మెత్తగా ఉండే అట్టు. ఆ పేరు 1889లో ఒక నాటకపు పాట నుంచి తీసుకున్నారు. తలకి గుడ్డ కట్టుకుని నవ్వే నల్లజాతి వంటావిడ బొమ్మ పెట్టారు. ఆంట్ అంటే అత్త, పిన్ని. మనం ముక్కూ మొహం తెలియని పెద్దావిడని కూడా పిన్నీ, అత్తా అంటే అది గౌరవం. అక్కడ బానిసత్వపు రోజుల్లో తెల్లవాళ్ళు నల్లజాతి పెద్దావిడని 'ఆంట్' అన్నది, 'గారు' అని పిలవాల్సిన అవసరం తప్పించుకోవడానికి. ఒకే వరస, ఎంత తేడా చూడండి.

ఆ బొమ్మకి ప్రాణం పోయడానికి కంపెనీ నాన్సీ గ్రీన్ అనే ఆవిడని కుదుర్చుకుంది. 1834లో కెంటకీలో బానిసగా పుట్టిన మనిషి. షికాగోలో ఒకరింట్లో వంట, పిల్లల పని చేస్తుండేది. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో పొయ్యి ముందు నిలబడి, అట్లు పోస్తూ, కబుర్లు చెబుతూ వేలమందిని ఆకట్టుకుంది. చూసినవాళ్ళు ఆవిడని జెమైమా అనుకున్నారే గాని నాన్సీ అనుకోలేదు. తర్వాత ఆ వేషం వేరే ఆడవాళ్ళు కూడా వేశారు. 1923లో షికాగోలో కారు గుద్ది నాన్సీ గ్రీన్ చనిపోయింది. సమాధి మీద పేరు లేదు, రాయి లేదు. అట్ల పిండి మాత్రం ఇంకో వందేళ్ళు ఆ నవ్వుతోనే అమ్ముడైంది.

2020లో అమెరికాలో జాతి వివక్ష మీద పెద్ద అలజడి రేగినప్పుడు, ఆ బొమ్మనీ పేరునీ తీసేస్తామని కంపెనీ ప్రకటించింది. ఆ వేషం వేసినవారి కుటుంబాల్లో కొందరు వద్దన్నారు. మా అవ్వ కష్టపడి నిలబెట్టిన పని అది, బొమ్మ తీసేస్తే ఆవిడనే తుడిచేసినట్టు అని వాళ్ళ బాధ. వాళ్ళ మాటలోనూ న్యాయం ఉందనిపిస్తుంది నాకు. కంపెనీ మాత్రం ఆగలేదు, 2021లో పొట్లం మీద వేరే పేరు వచ్చింది.

నాన్సీ గ్రీన్ సమాధికి మాత్రం షికాగోలో స్థానిక చరిత్ర మీద పనిచేసే ఒక సంఘం వాళ్ళు పట్టుబట్టి రాయి వేయించారు. 2020 సెప్టెంబరులో, ఆవిడ పోయిన తొంభై ఏడేళ్ళకి. దాని మీద నాన్సీ గ్రీన్ అని చెక్కించారు.