తోలుబొమ్మల బెజ్జపుపని: దాని పదజాలము

తోలుమీద చిన్నచిన్న పూవులను, ఆకులను, చుక్కలను, నెలవంకలను కోయుటను మనవారు చేతిపనుల లెక్కలో వేసి హస్తకళల శాఖవారికి వదలిపెట్టిరి. భాషాశాఖలకు దానితో పనిలేదను భావము బలముగా నాటుకొన్నది. ఈ భావము సరియైనది కాదని నా యభిప్రాయము. తోలుబొమ్మల బెజ్జపుపనితోపాటు దాని మాటలును తండ్రినుండి కొడుకునకు, నోటినుండి నోటికి వచ్చినవి. పని తీరు మాఱినపుడు ఉలి చాలకాలము నిలుచును; ఉలి చేసిన ఆకారముయొక్క పేరు ముందుగా జాఱిపోవును.

పని యెట్టిదో మొదట చూడవలెను. శ్రీ సత్యసాయి జిల్లాలో ధర్మవరమునకు సమీపమున నున్న నిమ్మలకుంటలో ఇది నేటికిని సాగుచున్నది. మేకతోలును నానబెట్టి, వెండ్రుకలు గీకివేసి, బిగలాగి యెండబెట్టుదురు. చెప్పులకు, సంచులకు వాడు తోలువలె దీనిని తంగేడుచెక్కతోగాని మఱి యే రసాయనముతోగాని పదును చేయరు. పదును చేసిన తోలు వెలుతురును ఆపివేయును. పచ్చితోలు పలుచనై, కాగితమువలె బిగిసి, దీపపు వెలుగును తనగుండ పోనిచ్చును. దానిపై రేఖలు గీసి, క్రింద కొయ్యదిమ్మ పెట్టి, వేఱువేఱు మొనలుగల ఉలులను సుత్తితో కొట్టి బెజ్జములు తీయుదురు. తెరవెనుక దీపము వెలిగినపుడు రంగు వేసిన తోలు ఎఱ్ఱగానో పచ్చగానో మెఱయును. బెజ్జమున్నచోట వెలుతురుచుక్క తేటగా కనబడును. కంటె, వడ్డాణము, కిరీటము, చీరయంచు ఆ చుక్కల వలననే యేర్పడుచున్నవి.

ఇందలి నేర్పంతయు బెజ్జమునకును బెజ్జమునకును నడుమ మిగిల్చిన తోలులో నున్నది. అది మిక్కిలి సన్నమైనచో బొమ్మను ఆడించునపుడు చినుగును. వెడల్పైనచో హారము హారముగా కనబడదు. తెలుగుబొమ్మలు పెద్దవి, కొన్ని మనిషియెత్తు వఱకు నుండును. వాని భుజములు, మోచేతులు, నడుములు కీళ్లపై కదలును. కదలెడి భాగమున ఎన్ని బెజ్జములు తీయవచ్చునో, ఎంత యెడమున తీయవలెనో పనివాని కన్నే చెప్పవలెను. దెబ్బ తప్పినచో దిద్దుటకు వీలులేదు. ప్రూఫులు దిద్దుకొని బ్రదుకు మాబోటివారికి ఇది భయంకరమైన విద్య.

పొరుగు సంప్రదాయములతో పోల్చినచో దీని స్వభావము మఱింత తేటపడును. కేరళపు తోల్పావకూత్తులో బొమ్మ నల్లనినీడగా పడును. నగలన్నియు బెజ్జములగుండ వచ్చు వెలుతురే. ఒడిశా రావణఛాయలో బొమ్మకు కీళ్లును లేవు, రంగును లేదు. తెలుగువారి తోలుబొమ్మలాట, కన్నడిగుల తొగలు గొంబెయాట రంగును, బెజ్జమును రెంటిని వాడుకొన్నవి. తోలు అను మాట తమిళ మలయాళములలో తోల్ గాను, కన్నడమున తొగలు గాను కనబడుట ద్రావిడభాషలు చదివినవారికి క్రొత్త సంగతి కాదు. అయితే ఆ తోలుపై పడు ఉలిగుర్తుల పేర్లలో ఇట్టి సామ్యము కలదా యని మనము విచారించినామా? జావాద్వీపమున వయాంగ్ బొమ్మలు కోయువారికి గేదెతోలుపై వేయు ఒక్కొక్క ఉలిగుర్తునకు ఒక్కొక్క పేరున్నది. బంగారమునుబట్టి ఒకటి మస్‌మసన్, వజ్రమునుబట్టి మఱియొకటి ఇంతెన్‌ఇంతెనన్. వజ్రములకు సానపట్టు సూరతుప్రాంతమున నుండుటచేత కాబోలు, ఈ రెండవ పేరు నాకు మిక్కిలి నచ్చినది.

మన భాషకు ఇట్టి సూక్ష్మభేదములు కొఱతపడవు. కుండకు పడునది చిల్లి. పూసకు వేయునది బెజ్జము. సూదికి బెజ్జ ముండును గాని చిల్లి యుండదు. ఒకవైపున దూసికొనిపోయి మఱియొక వైపున తేలినది తూటు. దూరిపోవుటకు తగినంత యెడమున్నచో అది కంత. ఒకటి లోపము, ఒకటి పనితనము, ఒకటి గాయము, ఒకటి దారి. హస్తకళలను గూర్చిన వ్యాసములలో తఱచుగా అన్నిటికిని రంధ్రమనియే వ్రాయుదురు. ఆ యొక్క సంస్కృతపదము క్రింద నాలుగు తెలుగుమాటలు మూతపడుచున్నవి.

పాలకురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రలో తెరమాటున భారతాదికథల నాడించు బొమ్మలను పేర్కొన్నాడు. దానిని ఆధారముగా గొని మనవారు ఆటయొక్క ప్రాచీనతను గూర్చి విరివిగా వ్రాసిరి. కోతను గూర్చి వ్రాసినది స్వల్పము. దీనికి కారణ మొకటి యున్నది. ఈ కళాకారులలో పెక్కురు ఇంట మాటలాడునది ఒక మరాఠీ మాండలికము. తెరవెనుక పాడునది తెలుగు. రంగనాథరామాయణపు ద్విపదలు వారి నోట నున్నవి. పాట తెలుగుదైనందున మనము పాటను గ్రహించితిమి. పనిమాటలు ఏ భాషవో తేలక, తెలుగుశాఖకును మరాఠీశాఖకును నడుమనున్న కంతలో పడిపోయినవి. రెండుభాషల నడుమ బ్రదుకు వారి వృత్తిపదములే భాషాశాస్త్రమునకు ఎక్కువ ఫలము నిచ్చునవి గదా!

ఇటీవల ఈ కళకు గౌరవము హెచ్చినది. 2008లో ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళికసూచిక లభించినది. 2020లో నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి పద్మశ్రీ వచ్చినది. సంతోషము. కాని భౌగోళికసూచిక సరకు పేరును కాపాడును, సరకు చేయువాని మాటలను కాపాడదు. నేడు అదే యులితో దీపపు గుమ్మటములు, గోడకు వ్రేలాడదీయు పలకలు, చెవిదుద్దులు కోయుచున్నారు. ఆట తగ్గినపుడు పొట్ట నిండవలెను గనుక అందు తప్పులేదు. అయితే గుమ్మటముపై పూవు కేవలము పూవే. బొమ్మపై కోసిన నగ యెవరిదో ప్రేక్షకుడు గుర్తింపవలెను. సీతకును బంగారక్కకును ఒకే హారము వేసిన జనులు నవ్వుదురు. భేద మక్కఱలేనిచోట పేరును అక్కఱలేదు. పేర్లు పోవుట ఇందువలననేగాని పనివారి అశ్రద్ధవలన కాదు.

సూరతునకు దక్షిణమున నున్న సచిన్ ఒకప్పుడు సిద్దీ నవాబుల సంస్థానము. 1948లో బొంబాయి రాష్ట్రమున కలిసినది. నేడు కార్ఖానాల ఊరు. తెలంగాణమునుండి ఈ ప్రాంతమునకు వచ్చిన పద్మశాలి కుటుంబములు పెక్కు కలవు. అట్టి కుటుంబపు యువకు డొకడు లేసర్ యంత్రముపై తోలుముక్కలలో ఆకులను, పూవులను వందలకొలదిగా కోయుట చూచితిని. అంచులు కొంచెము మాడి, కాలిన వాసన వచ్చును. ఆకారము మాత్రము ఒక దానివలెనే మఱియొకటి. ఈ యాకు పేరేమని అడుగగా అతడు ఒక అంకె చెప్పెను. అతని తాతతండ్రుల మగ్గపుమాటలు 1971లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు రెండవ సంపుటమున, అనగా చేనేత సంపుటమున, వెదకుకొనవచ్చును. తోలు కోయువారి మనుమలకు అట్టి యాధార మొకటి యుండవలెనని యప్పుడు తోచినది.

యంత్రమును నిందించుట నా యుద్దేశము కాదు. అంకెతో పని జరుగుచున్నపుడు అంకెయే చాలును. బొమ్మలను ప్రదర్శనశాలలలో భద్రపఱచితిమి గదా, మాట లెందుకని కొంద రడుగవచ్చును. బొమ్మను చూచిన బెజ్జము కనబడును. దానిని ఏ యులితో, ఏ వరుసలో తీసిరో, దానికి పొరుగు బెజ్జముతో ఎట్టి సంబంధమో కనబడదు. అది పనివాడు శిష్యునకు చెప్పుమాటలో నున్నది.

భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వ్యవసాయ సంపుటము వచ్చినపుడు చూపిన మార్గము మన యెదుట నున్నది. తెలుగువా రొకరు, మరాఠీవా రొకరు, వీలైనచో కన్నడమువా రొకరు కలిసి ఒక వేసవి సెలవులలో నిమ్మలకుంటకు పోవలెను. ఉలులన్నిటిని వరుసగా పేర్చి, ఒక్కొక్కదానిని తోలుముక్కపై కొట్టించి, ఆ గుర్తు ప్రక్కనే దాని పేరు, ఆ పేరు పలికిన ధ్వని భద్రపఱుపవలెను. పురుషులనే కాక, పనిచేయు స్త్రీలనుగూడ వేఱుగా అడుగవలెను. కావలసినది రైలుచార్జీలు, కొన్ని మేకతోళ్లు, చెప్పినవారికి ఆ దినముల కూలి. వారి పేర్లు కృతజ్ఞతల పుటలో చివర గాక, సంకలనకర్తల పట్టికలోనే చేర్పవలెను.