జేజి ఎక్స్‌రే ఎందుకు పసుపెక్కింది?

పోయిన నెల మా జేజి బాత్రూమ్‌లో జారిపడింది. మా ఊరు కళ్యాణదుర్గం దగ్గర. నాన్న ఫోన్ చేసినప్పుడు నేను బెంగళూరులో మీటింగ్‌లో ఉన్నా. ల్యాప్‌టాప్ మూసేసి రాత్రి బస్సు పట్టుకుని, తెల్లారేసరికి అనంతపురం ఆసుపత్రిలో ఉన్నా.

కొత్త ఎక్స్‌రే తీశారు. నడుములో ఒక వెన్నుపూస అణిగిపోయి కనిపించింది. డాక్టరుగారు చూసి ఒకే మాట అడిగారు. "పాత ఎక్స్‌రే ఏమైనా ఉందా?"

ఎందుకంటే, ఆ పూస నిన్న పడినప్పుడు అణిగిందా, లేక ఎప్పుడో అణిగి మానిపోయిందా అన్నది ఒక్క ఫిల్మ్ చూసి చెప్పడం కష్టమట. పాత ఫిల్మ్‌లో అదే పూస నిండుగా ఉంటే ఇది కొత్త దెబ్బ. అందులోనూ అణిగే ఉంటే ఇప్పటి నొప్పికి కారణం వేరే వెతకాలి.

పాతది ఉంది! 2009 ఆగస్టులో నడుము నొప్పికి తీయించింది. బీరువా మీద, శుభలేఖల కట్ట కింద జాగ్రత్తగా దాచుకుంది. నాన్న ఊరికి వెళ్లి తెచ్చాడు. డాక్టరుగారు కవర్లోంచి తీసి లైట్ బాక్స్‌కి తగిలించారు. సరిగ్గా నడుము ఉండాల్సిన చోట టీ ఒలికినట్టు పసుపు, గోధుమరంగు మరకలు. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "దీంట్లో ఏమీ చెప్పలేం" అని ఎంఆర్ఐ రాసిచ్చారు.

పక్కనే మా మేనమామ ఉన్నాడు. పాతికేళ్లు ఎక్స్‌రే టెక్నీషియన్‌గా చేసినవాడు. ఆ ఫిల్మ్‌ను, కవర్ మీద తేదీని చూసి చాలాసేపు మాట్లాడలేదు. కారిడార్లోకి వచ్చాక మెల్లగా అన్నాడు. "ఇది నేను కడిగిన ఫిల్మే అల్లుడా."

మన దగ్గర ఫిల్మ్ డెవలప్ చేయడాన్ని 'కడగడం' అంటారు. ఫొటో స్టూడియోల కాలం నుంచీ అదే మాట. నేనూ ఏదో నీళ్లలో ముంచి తీస్తారనే అనుకునేవాణ్ణి. ఎంఆర్ఐ నంబరు వచ్చేదాకా మూడు గంటలు బెంచీ మీద కూర్చుని మామను అడిగి తెలుసుకున్నదే ఈ వారం మీకు చెబుతున్నా.

ఎక్స్‌రే ఫిల్మ్ అంటే పాలియెస్టర్ షీటు. దానికి రెండు వైపులా జెలటిన్ పూత. ఆ పూతలో కంటికి కనపడనంత చిన్న సిల్వర్ బ్రోమైడ్ రవ్వలు. ఫిల్మ్ పెట్టే క్యాసెట్‌లో రెండు స్క్రీన్లు ఉంటాయి. ఎక్స్‌కిరణాలు తగిలితే అవి వెలుగుతాయి. ఫిల్మ్ మీద బొమ్మ పడేది ఎక్కువగా ఆ వెలుగుతోనే. ఎముక అడ్డొచ్చిన చోట వెలుగు తక్కువ, ఊపిరితిత్తుల చోట ఎక్కువ. కానీ అప్పుడే తీసి చూస్తే ఏమీ కనపడదు. బొమ్మ లోపల దాక్కుని ఉంటుంది. దాన్ని బయటికి రప్పించడమే కడగడం.

చేత్తో కడిగే రోజుల్లో ఇది పెద్ద పని. ఎర్ర బల్బు గదిలో ఫిల్మ్‌ను హ్యాంగర్‌కి బిగించి, డెవలపర్‌లో ఐదు నిమిషాలు, తర్వాత ఫిక్సర్‌లో, తర్వాత పారే నీళ్లలో చాలాసేపు ఉంచి, ఆరబెట్టాలి. అంతా అయ్యేసరికి గంట. 1942లో అమెరికాలో పాకో కంపెనీ ఆ హ్యాంగర్లను తనే ముంచి తీసే యంత్రం తెచ్చింది. 1956లో కొడాక్ వాళ్ల ఎక్స్‌-ఒమాట్ వచ్చింది. హ్యాంగర్లు పోయి, ఫిల్మ్ రోలర్ల మధ్య నుంచి నడవడం మొదలైంది. పని ఆరు నిమిషాలకు దిగింది. 1965కల్లా 90 సెకన్లు!

మామ పనిచేసిన ఒక ప్రైవేటు సెంటర్‌లో ఉన్నదీ అలాంటి 90 సెకన్ల మెషీనే. నా భాషలో చెప్పాలంటే అది పక్కా పైప్‌లైన్. ఒక చివర ఫిల్మ్ పెడితే రోలర్లు లాక్కుంటాయి. ఫిల్మ్ వచ్చిందని స్విచ్ పసిగట్టి, వాడిన మందుకు సరిపడా కొత్త మందు పంపుతో పోస్తుంది. బీప్ వచ్చేదాకా రెండో ఫిల్మ్ పెట్టకూడదు, లైటూ వేయకూడదు.

మొదటి ట్యాంకు డెవలపర్. వేడి 35 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. వెలుగు తగిలిన రవ్వలను నల్లటి వెండిగా మారుస్తుంది. ఆ వేడికి జెలటిన్ మెత్తబడి రోలర్లకు అతుక్కోకుండా గట్టిపరిచే మందు కూడా అందులోనే కలుపుతారు. రెండో ట్యాంకు ఫిక్సర్. వెలుగు తగలని రవ్వలను కరిగించి తీసేస్తుంది. అక్కడ ఎముక తెల్లగా తేలుతుంది. మూడో ట్యాంకులో మందులేమీ ఉండవు, ఉత్త నీళ్లే. చివర వేడి గాలి. ఫిల్మ్ పొడిగా బయటికొస్తుంది.

కథంతా ఆ మూడో ట్యాంకులో ఉంది. ఫిక్సర్‌లో ఉండేది థయోసల్ఫేట్. స్టూడియోవాళ్లు హైపో అనేది ఇలాంటిదాన్నే. అది జెలటిన్‌లో మిగిలిపోతే ఊరుకోదు. ఏళ్ల తరబడి మెల్లగా విడిపోతూ, అందులోని గంధకం వెండితో కలుస్తుంది. అలా పుట్టే సిల్వర్ సల్ఫైడే ఆ పసుపు, గోధుమ మరక. వేడి, తేమ ఉంటే ఇంకా తొందరగా వస్తుంది. మా బీరువా పైన రేకుల కప్పు!

హైపో పోవాలంటే నిలవ నీళ్లు చాలవు, పారే నీళ్లు కావాలి. నిమిషానికి ఐదు లీటర్లు పోతాయనుకోండి. గంటకు 300 లీటర్లు. అంటే ఇరవై బిందెలు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలో ఒక మెషీన్ గంటకు ఇరవై బిందెలు తాగి మోరీలోకి వదలడమంటే మాటలా?

"నీళ్లెక్కడివప్పా?" అన్నాడు మామ. "ఆ ఆగస్టులో చినుకు లేదు. బోరు ఎండిపోయె. ట్యాంకర్ వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. బయట వార్డులో పేషంట్లు తాగేదానికే నీళ్లు లేవు. కొళాయి సన్నగా తిప్పమని ఓనర్ చెప్పినాడు. కొన్ని దినాలు ఉత్త నిలవ నీళ్లే. ఫిల్మ్ ఆ పొద్దుకి శుభ్రంగానే కనిపిస్తాది. డాక్టరు చూసి మందు రాస్తాడు. పదేళ్ల తర్వాత ఎవరు చూస్తారులే అనుకుంటిమి."

నీళ్లు తగ్గిస్తే ఇంకో ఇబ్బంది. చాలా మెషీన్లు డెవలపర్‌ను వేడి చేయగలవు గానీ సొంతంగా చల్లబరచలేవు. ఆ పని లోపలికొచ్చే చల్లటి నీళ్లది. మే నెలలో మేడ మీది ట్యాంకు నీళ్లు చేత్తో ముట్టలేం. ఫిల్మ్ మసక నలుపెక్కుతుంది. బోరు నీళ్ల ఉప్పు రోలర్లకు పట్టేస్తుంది. రాత్రి ఆ ట్యాంకు ఖాళీ చేయకపోతే పాచి. పొద్దున్నే ఒక ఉత్త ఫిల్మ్ పంపి రోలర్ల మురికి తుడిచాకే మొదటి పేషంటుది పెట్టేవాణ్ణని మామ చెప్పాడు. అంత శ్రద్ధ గల మనిషి నీళ్ల దగ్గర మాత్రం ఓడిపోయాడు.

మన వైపు పాత ఫిల్మ్‌కి ఇంకో విలువ ఉంది. అనంతపురం జిల్లాలో చాలా చోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. అది ఎముకలకు పట్టడం ఏళ్ల మీద జరుగుతుంది. ఎక్స్‌రేలో ఎముక మామూలు కన్నా చిక్కగా, తెల్లగా కనిపిస్తుంది. మన దేశంలో దీన్ని వివరంగా రాసిన తొలి అధ్యయనాల్లో ఒకటి 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచే వచ్చింది. షార్ట్ అనే డాక్టరుతో పాటు దాన్ని రాసినవాళ్లలో బర్నార్డ్ ఒకరు. మద్రాసులో ఇప్పటికీ ఉన్న రేడియాలజీ సంస్థకు ఆయన పేరే పెట్టారు. నీళ్లు ఎముకలకు ఏం చేశాయో చెప్పాల్సిన ఫిల్మ్, నీళ్లు చాలక చెడిపోవడం మా జిల్లా రాత.

ఇప్పుడు చాలా సెంటర్లలో డిజిటల్ వచ్చేసింది. ప్రింటు కూడా వేడితో పడుతుంది, నీళ్ల పని లేదు. అలాగని నిశ్చింత కాదు. ఆ ఫిల్మ్‌లు ఎండలో, కారు డాష్‌బోర్డు మీద పెడితే నల్లబడతాయి. కాబట్టి మీరో పని చేయండి. ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్ల ఎక్స్‌రేలు బయటికి తీయండి. ల్యాప్‌టాప్‌లో తెల్లటి పేజీ ఫుల్ బ్రైట్‌నెస్‌తో తెరిచి, గదిలో లైట్లు ఆపి, ఫిల్మ్ దాని ముందు పట్టుకుని ఫోన్‌తో ఫొటో తీయండి. పేరు, తేదీ కూడా పడాలి. డాక్టరు చూసే అసలు ఫిల్మ్‌కి ఇది సాటి రాదు గానీ, మరక పడే ముందు ఒక కాపీ ఉంటుంది. అసలువి పొడి చోట, నిలువుగా పెట్టండి. వెండి కోసం పాత సామాన్లవాళ్లు అడిగితే ఇచ్చేయకండి.

ఎంఆర్ఐలో కొత్త దెబ్బే అని తేలింది. బెల్టు, మందులు, విశ్రాంతి. జేజి కోలుకుంటోంది. బిల్లు కౌంటర్ దగ్గర మామ జేబులో చెయ్యి పెట్టాడు. నాన్న పట్టుకుని ఆపాడు. నేను మధ్యలో నిలబడ్డా. ఆఫీసులో నా కోడ్‌లో 'తర్వాత చూద్దాం' అని రాసి వదిలేసినవి ఎన్నో గుర్తొచ్చాయి. మామను ఏమనగలను?

"ఇప్పుడు మళ్లీ కడిగితే మరక పోతుందా మామా?" అని అడిగా.

"పోదు. అప్పుడే కడగాల."

డిశ్చార్జ్ రోజు పాత ఫిల్మ్ పారేద్దామన్నా. జేజి ఒప్పుకోలేదు. కొత్తదానితో కలిపి అదే కవర్లో పెట్టించింది. బీరువా మీద మాత్రం వద్దని చెప్పి, ఫొటో తీసి ఇచ్చా.