సాంకేతిక పదం శ్రోతకు చేరుతోందా?

‘డిజిటల్ అరెస్ట్’ అనే ప్రక్రియ మన చట్టాల్లో ఎక్కడా లేదు. 2024 అక్టోబరు 27న ‘మనసులో మాట’ కార్యక్రమంలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ఈ సంగతిని స్పష్టంగా చెప్పారు. అయినా ఆ మాటకు భయపడి, ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న సొమ్మును మోసగాళ్ల ఖాతాలకు పంపినవారు ఆ తరువాత కూడా ఉన్నారు. ఆ పేరును ప్రసార మాధ్యమాలు ఉన్నదున్నట్టు వాడడంతో లేని అధికారం ఒకటి దానికి సమకూరింది. ఇందులో మా వార్తా విభాగాల వంతూ ఉంది. అరెస్టు అంటే తెలియని తెలుగువారు లేరు. డిజిటల్ అంటే ప్రభుత్వ సేవలతో ముడిపడిన మాట. రెండూ కలిస్తే పోలీసులు కొత్తగా తెచ్చిన పద్ధతేమో అనిపిస్తుంది. ‘పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించి డబ్బు గుంజే మోసం’ అంటే వాక్యం పొడవవుతుంది. కానీ వినేవారు ఫోన్ పెట్టేసి 1930 నంబరుకు ఫిర్యాదు చేయడానికి ఆ పొడవే అక్కరకు వస్తుంది.

కొత్త శాస్త్ర విషయాలకు మన భాషలో పదాలు సమకూర్చుకోవాలన్న ప్రయత్నం పాతదే. కేంద్ర ప్రభుత్వం 1961లో శాస్త్ర, సాంకేతిక పదావళి సంఘాన్ని నెలకొల్పింది. 1968లో హైదరాబాదులో తెలుగు అకాడమీ ఏర్పడింది. పదాల మనుగడను మాత్రం సంఘాలు నిర్ణయించలేవు. ఉపగ్రహం, కక్ష్య, వాహక నౌక వంటి మాటలు శ్రీహరికోట ప్రయోగాల వార్తలతో ఊరూరా పరిచయమయ్యాయి. ‘సంగణకం’ నిలవలేదు. ‘అంతర్జాలం’, ‘చరవాణి’ పత్రికల్లో బతుకుతున్నాయి. నోటి మీద మాత్రం నెట్టు, సెల్లే. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడిపై దిగినప్పుడు ల్యాండర్, రోవర్ అన్న పేర్లను అలాగే ఉంచి, అవి చేసే పనిని తెలుగులో వివరించాం. పేరును వచ్చినట్టే తీసుకుని, పనిని మన క్రియలతో చెప్పడమే మేలైన దారి అని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

కృత్రిమ మేధ, కృత్రిమ మేధస్సు, కృత్రిమ ప్రజ్ఞ, ఏఐ అంటూ ఒకే విషయాన్ని నాలుగు విధాలుగా రాస్తున్నాం. చదివేవారు సర్దుకోగలరేమో గానీ, రేడియో వినేవారికి వెనక్కి తిరిగి చూసుకునే వీలు లేదు. కుండలీకరణాలు చెవికి వినపడవు. పైగా 2022 జులైలో ప్రారంభమైన ‘భాషిణి’ వంటి అనువాద వ్యవస్థలు మనం రాసినదాన్నే చూసి నేర్చుకుంటాయి. మన తడబాటు వాటికీ అంటుకుంటుంది.

అసలు చిక్కు ‘డేటా’ దగ్గర ఉంది. గ్రామాల్లో ఈ పదం రీఛార్జితో వచ్చింది. డేటా అంటే రోజుకు ఇన్ని జీబీల చొప్పున వచ్చి, రాత్రికి అయిపోయేది. అలాంటి శ్రోతకు ‘మీ వ్యక్తిగత డేటాకు రక్షణ’ అని చెబితే ఏమని అర్థం చేసుకోవాలి? ఆధార్ సంఖ్య, ఫోన్ నంబరు, వైద్యపరీక్షల ఫలితాలు, తిరిగిన చోట్ల వివరాలు అని విడమరిస్తే గానీ తన సొత్తు గురించే మాట్లాడుతున్నారని తెలియదు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఇక్కడ ఒక కీలకమైన హక్కు ఇచ్చింది. వివరాలు అడిగే సంస్థ, అవి ఎందుకో తెలిపే నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా గానీ చదువుకునే వీలు కల్పించాలి. సమ్మతి కోరే భాష తేటగా ఉండాలనీ చట్టం చెబుతోంది. విచిత్రమేమిటంటే చట్టం వాడిన పారిభాషిక పదాలే తేటగా లేవు. వివరాలు ఎవరివో ఆ వ్యక్తి ‘డేటా ప్రిన్సిపల్’. మన వాడుకలో ప్రిన్సిపల్ అంటే కళాశాల అధిపతి, కాదంటే అప్పులో అసలు. ఆ వివరాలను ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించే సంస్థ ‘డేటా ఫిడ్యూషియరీ’. దీనికి నాలుగు సంస్కృత సమాసాలు అల్లడం కష్టం కాదు. కానీ ‘మీరు’, ‘మీ వివరాలు తీసుకునే సంస్థ’ అంటే సరిపోయే చోట వాటి అవసరమేమిటి?

ఈ చట్టం కింద నియమావళిని 2025 నవంబరులో నోటిఫై చేశారు. నోటీసు, సమ్మతికి సంబంధించిన నిబంధనల అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు. అంటే 2027 మే నాటికి బ్యాంకులు, ఆసుపత్రులు, యాప్‌ల సంస్థలు తెలుగు నోటీసులను సిద్ధం చేసుకోవాలి. ‘అంగీకరిస్తున్నాను’ అన్న మీట నొక్కే ముందు తెలుగు పాఠకుడు చదవబోయేది ఆ వాక్యాలనే.