కారణానికీ ఫలితానికీ నడుమ

సాంఘిక శాస్త్రాలలో పరిశోధన చేసే మన విద్యార్థులకు నేడు మిక్కిలి ప్రియమైన మాట 'మధ్యవర్తి చలరాశి'. ఒక కారణం నేరుగా గాక, నడుమనున్న మరొకదాని ద్వారా ఫలితాన్ని కలిగిస్తే ఆ నడిమిదానికి ఈ పేరు. ఉర్దూ విభాగపు మిత్రులు దీనిని 'వసీలా' అనవచ్చును. నిజానికి ఆ మాటే నాకు ఎక్కువ నచ్చినది.

ఈ భావన కొత్తది కాదు. 1967లో బ్లౌ, డంకన్ అనే సామాజిక శాస్త్రవేత్తలు అమెరికాలోని పురుషుల వృత్తులను గూర్చి ఒక గ్రంథం ప్రకటించారు. అందులో తండ్రి వృత్తి హోదాకూ కుమారుని హోదాకూ గల సహసంబంధం 0.405, నేరుగా సాగిన ప్రభావం 0.115 మాత్రమే. మిగిలినదానిలో అధిక భాగం కుమారుని చదువు, తొలి ఉద్యోగం అనే దారులగుండా వచ్చినదని వారు లెక్కగట్టారు.

మనకు దగ్గరి ఉదాహరణ తీసుకొందాము. కుటుంబపు ఆదాయం హాజరును, హాజరు మార్కులను ప్రభావితం చేస్తున్నవని ఒక విద్యార్థి ప్రతిపాదించినాడనుకొందాము. మొదటి గుణకం 0.5, రెండవది 0.4 అయితే పరోక్ష ప్రభావం వాటి లబ్ధమైన 0.2. రెండింటి ప్రామాణిక దోషమూ 0.2 చొప్పున ఉన్నదనుకొంటే విడివిడిగా రెండూ సార్థకములే. కాని 1982 నాటి సోబెల్ పరీక్షలో లబ్ధానికి వచ్చే విలువ 1.56; కావలసినది 1.96. తప్పు ఎక్కడ? రెండు అంచనాల లబ్ధం సాధారణ విభాజనాన్ని అనుసరించదు. ఆ పరీక్ష మాత్రం అనుసరిస్తుందని భావిస్తుంది. అందుచేతనే నేడు 'బూట్‌స్ట్రాప్' పద్ధతి వాడుకలోకి వచ్చినది. ఉన్న నమూనా నుండే తీసినదానిని మరల కలుపుతూ వేలసార్లు కొత్త నమూనాలు తీసి, ప్రతిసారీ లబ్ధాన్ని గణించి, దాని అవధిలో సున్న ఉన్నదో లేదో చూస్తారు. 1986లో బారన్, కెన్నీ సూచించిన అంచెల పద్ధతినే ఇంకను పట్టుకొని ఉండుట అనవసరమని నా అభిప్రాయం.

అయితే అసలు చిక్కు లెక్కలో లేదు. సాయంకాలం దుకాణంలో పనిచేసే విద్యార్థికి హాజరూ తగ్గుతుంది, చదివే సమయమూ తగ్గుతుంది. ఆ కొలువును గూర్చి ప్రశ్నావళిలో అడుగకపోతే దాని బరువంతా హాజరు ఖాతాలో పడుతుంది. మార్కులు రాక మనసు విరిగి తరగతికి రానివాడూ ఉంటాడు. అక్కడ బాణం గుర్తే తిరగబడుతుంది. ఒకే దినాన నింపించిన పత్రాలకు ఈ తేడా తెలియదు. కంప్యూటరు అయిదువేలసార్లు తిప్పినా తెలియదు!

ఇది కేవలం పండితుల వాదమని కళాశాల కమిటీ పెద్దలు తలపరాదు. అట్టి నివేదికను నమ్మి హాజరు తగ్గినవారిపై జరిమానా విధిస్తే, దానిని చెల్లించుటకు ఆ దుకాణపు కుర్రవాడు మరొక గంట పనిచేయవలసి వస్తుంది. నివేదిక మాత్రం సార్థకమే!

కావున వచ్చే సంవత్సరం ప్రాజెక్టు చేపట్టువారు ఆదాయాన్ని ప్రవేశాల నాడు, హాజరును నెలనెలా, మార్కులను పరీక్షల తరువాత వేరువేరుగా సేకరించవలెనని, సాయంకాలపు కొలువును గూర్చి ఒక్క ప్రశ్న తప్పక చేర్చవలెనని కోరుతున్నాను.