ఇంటర్నెట్ ఏర్పాటు యజమానిది, ఎంపిక అద్దెదారుది

వాణిజ్య భవనంలో గది అద్దెకు తీసుకునేవారికి లిఫ్టు, నీళ్లు, జనరేటర్, పార్కింగ్ సంగతి యజమానే చెబుతాడు. ఇంటర్నెట్ మాట ఎత్తితే మాత్రం, అది మీరే పెట్టించుకోవాలంటాడు. ఇది పాతకాలపు పద్ధతి. ఇవాళ చిన్న మందుల దుకాణంలో కూడా డబ్బు యూపీఐలోనే చేతులు మారుతోంది. ఏటా 5 కోట్ల రూపాయల టర్నోవర్ దాటిన సంస్థలు ఇతర వ్యాపారులకు అమ్మే సరుకుకు ఈ-ఇన్‌వాయిస్ ఇవ్వడం 2023 ఆగస్టు 1 నుంచి తప్పనిసరి. లైను లేకపోతే బిల్లు లేదు, బిల్లు లేకపోతే సరుకు కదలదు. అంటే ప్రభుత్వమే వ్యాపారాన్ని ఇంటర్నెట్‌తో ముడిపెట్టింది. అలాంటప్పుడు ఆ సదుపాయాన్ని అదనపు హంగుగా చూడటం తగదు. భవనంలో ఇంటర్నెట్‌కు కావలసిన ఏర్పాట్లన్నీ సిద్ధంగా ఉంచడం యజమాని బాధ్యత కావాలి. ఏ కంపెనీ సేవ తీసుకోవాలో తేల్చుకునే హక్కు అద్దెదారు చేతిలోనే ఉండాలి. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లోపించినా ప్రయోజనం ఉండదు.

బాధ్యత ఎవరిదీ కాకపోతే ఏమవుతుందో మన వీధుల్లోనే కనిపిస్తోంది. భవనంలోకి కేబుల్ రావడానికి భూమిలోంచి దారి ఉండదు కాబట్టి, ప్రతి కంపెనీ కరెంటు స్తంభం మీదుగా డాబాకు, డాబా నుంచి కిటికీలోకి తీగ లాగుతుంది. ఒక అద్దెదారు ఖాళీ చేసినా ఆ తీగ అలాగే వేలాడుతుంది. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి శోభాయాత్ర రథానికి విద్యుత్తు సోకి ఐదుగురు మరణించారు. ఆ తర్వాత విద్యుత్ సిబ్బంది స్తంభాలపై ఉన్న కేబుళ్లను తొలగించడంతో ఇళ్లలో, కార్యాలయాల్లో ఇంటర్నెట్ నిలిచిపోయింది. ప్రజల ప్రాణాలకు ముప్పు తెచ్చే తీగలను తీసేయాల్సిందే. అయితే భవనానికి భూగర్భ మార్గం లేనంతకాలం, ఒకచోట తీసిన తీగ మరోచోట వేలాడుతూనే ఉంటుంది.

కావలసినది పెద్ద సాంకేతిక అద్భుతమేమీ కాదు. రోడ్డు నుంచి భవనంలోకి రెండు వేర్వేరు దారుల్లో భూగర్భ పైపులు, పరికరాల కోసం బ్యాకప్ కరెంటుతో ఒక చిన్న గది, విద్యుత్ తీగలకు దూరంగా అంతస్తులను కలిపే నిలువు షాఫ్టు, ప్రతి అంతస్తు దాకా ఫైబర్ ఉంటే చాలు. రెండు దారులు ఎందుకంటే, ఒకవైపు రోడ్డు తవ్వకంలో లైను తెగినా రెండోది పనిచేస్తుంది. నిర్మాణ సమయంలో ఈ పైపులు వేయడానికి అయ్యే ఖర్చు, తర్వాత గోడలకు కన్నాలు వేసి, ఫాల్స్ సీలింగులు విప్పి, రోడ్డు తవ్వకానికి అనుమతుల కోసం తిరగడానికయ్యే ఖర్చు ముందు చాలా తక్కువ. ఇక 5జీ వచ్చాక తీగలెందుకనే వాదన నిలవదు. వేడిని అడ్డుకునేందుకు పూత పూసిన అద్దాలు మొబైల్ సంకేతాలనూ బలహీనపరుస్తాయి. లోపల సంకేతం బాగా అందాలంటే భవనంలోనే యాంటెనాలు పెట్టాలి, వాటికీ మళ్లీ ఫైబరే కావాలి.

ఈ దిశగా ఆలోచన ఢిల్లీలో ఎప్పుడో మొదలైంది. భవనాల్లో ఉమ్మడి టెలికాం సదుపాయాలు తప్పనిసరి చేయాలని, అవి ఉన్నాకే నిర్మాణం పూర్తయినట్లు ధ్రువపత్రం ఇవ్వాలని, ఒకే కంపెనీకి గుత్తగా ఇచ్చే ఒప్పందాలను నిషేధించాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017లోనే సిఫార్సు చేసింది. 2024లో భవనాలకు డిజిటల్ అనుసంధాన రేటింగు నిబంధనలు తెచ్చింది. అయితే రేటింగు కోసం యజమాని ముందుకు రావాలి. మాదాపూర్, గచ్చిబౌలిలో అంతస్తులకు అంతస్తులు తీసుకునే బహుళజాతి సంస్థ తనకు కావలసింది ఒప్పందంలోనే రాయించుకోగలదు. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆడిటరుకో, విజయవాడలోని డయాగ్నస్టిక్ సెంటరుకో బేరమాడే బలం లేదు. వారికి అండ చట్టమే. భూమి, భవన నిర్మాణం రాష్ట్రాల పరిధిలోవి కనుక, ఆ చట్టం చేయాల్సింది హైదరాబాద్, అమరావతి ప్రభుత్వాలే.

యజమానికి ఈ బాధ్యత అప్పగిస్తే అతనే గుత్తాధిపతి అవుతాడన్న అభ్యంతరం బలమైనది. తలుపు తాళం ఒకరి చేతిలో ఉంటే లోపలికి ఎవరు రావాలో కూడా అతనే నిర్ణయిస్తాడు. ఒక కంపెనీతో కమీషన్ మాట్లాడుకుని మిగతావారిని గేటు దగ్గరే ఆపేస్తే అద్దెదారు నష్టపోతాడు. అమెరికా ఈ ప్రమాదాన్ని గుర్తించి వాణిజ్య భవనాల్లో ఒకే కంపెనీకి ప్రవేశమిచ్చే ఒప్పందాలను 2000లోనే నిషేధించింది. అది చాలక, ఆదాయ వాటాలో ఒకే కంపెనీకి ప్రత్యేక హక్కులిచ్చే ఏర్పాట్లను 2022లో నిషేధించింది. మనం ఆ పాఠం మొదటే నేర్చుకోవాలి. అనుమతి ఉన్న ఏ కంపెనీకైనా ఒకే షరతులపై, ఒకే రుసుముపై ప్రవేశం ఇవ్వాలి. యజమాని సిద్ధంగా ఉంచిన కనెక్షన్ వాడుకోవడం అద్దెదారు ఇష్టం, దాని ధర అద్దెలో కలిపి దాచకూడదు. అందరికీ ఒకే వైఫై ఇచ్చేచోట ఒకరి సమాచారం మరొకరికి కనిపించకుండా వేరుచేయడం తప్పనిసరి కావాలి.

పాత భవనాల యజమానులకు ఇది భారమన్న మాటలో నిజం ఉంది. అందుకే కొత్త వాణిజ్య భవనాలకు వెంటనే, పాతవాటికి భారీ మరమ్మతులు చేపట్టినప్పుడు ఈ నిబంధన వర్తింపజేయాలి. ఐరోపా సమాఖ్య కూడా 2016 తర్వాత అనుమతి కోరిన కొత్త భవనాలతోపాటు, పెద్దగా మరమ్మతు చేసేవాటికీ ఇలాంటి నియమమే పెట్టింది. అగ్నిమాపక ఏర్పాట్లు లేని బహుళ అంతస్తుల భవనానికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇవ్వకూడదని మనం ఒప్పుకున్నాం. భూగర్భ పైపులు, టెలికాం గది, అన్ని కంపెనీలకూ తెరిచిన దారి లేని వాణిజ్య భవనానికీ ఆ సర్టిఫికెట్ ఆపాలి. రెండు రాష్ట్రాలూ భవన నిర్మాణ నిబంధనలను ఈ మేరకు సవరించాలి. మన కళ్లముందు లేస్తున్న ప్రతి భవనం దశాబ్దాల పాటు నిలుస్తుంది. ఇప్పుడు వదిలేసిన పైపుకు మూల్యం అంతకాలమూ అందులోని చిరువ్యాపారులే చెల్లిస్తారు.