చిన్నబడులు - చేతిపలకలు

బడులు తెఱచు దినములు సమీపించినప్పుడెల్ల మన ప్రత్యామ్నాయ పాఠశాలల నిర్వాహకుల కొక ప్రశ్న యెదురగుచున్నది. ముప్పది నలువదిమంది పిల్లలతో, దాతల యౌదార్యముమీదను, ఉపాధ్యాయుల త్యాగముమీదను నడచుచున్న యీ చిన్నబడులు ట్యాబులు కొనవలెనా? కొనిన నెట్టివి కొనవలెను? ఇది కేవలము అంగడి బేరము కాదు. ఏడాది పొడుగునను కూడబెట్టిన ధన మొక్కదినమున వ్యయమగును. పిల్లలు వానితో గడపిన గంటలు మరల రావు. కావున నీ విషయమున నాలుగు మాటలు వ్రాయుట మా విధియని తలంచుచున్నాము.

గతానుభవము మనకు తగినంత గలదు. 2011 అక్టోబరు 5వ తేదీని ఢిల్లీలో కేంద్రప్రభుత్వము ‘ఆకాశ్’ అను ట్యాబును మిక్కిలి యార్భాటముతో వెలువరించెను. చౌకయైన మాట నిజమే. కాని తెరను గట్టిగా నొక్కినగాని పలుకదు; బ్యాటరీ త్వరలోనే నీరసించును; పని మందగమనము. 2013లో అమెరికాలోని లాస్ ఏంజెలీస్ నగర పాఠశాలలు ఖరీదైన ఐప్యాడులను పంచిపెట్టగా, కొలదిదినములలోనే విద్యార్థులు వాని కట్టుబాట్లను ఛేదించి యిష్టమువచ్చిన చోట్ల విహరించిరి. మఱుసటియేడు ఆ యొప్పందమే నిలిచిపోయెను. కాబట్టి చౌకను జూచి మురియుటయు తగదు, ఖరీదును జూచి నమ్ముటయు తగదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2022 డిసెంబరులో ఎనిమిదవ తరగతి విద్యార్థులకును ఉపాధ్యాయులకును అయిదు లక్షలకు పైగా ట్యాబులను పంచినది. అందలి పాఠములు బైజూస్ సంస్థవి. 2024 జూలైలో ఆ సంస్థమీద దివాలా విచారణ యారంభమైనది. పలక మనదైనను పాఠము పరునిదైనచో, ఆ పరుని యదృష్టముతో మన పిల్లల చదువు ముడివడుననుటకు వేఱు నిదర్శన మేల?

మొదట నడుగవలసిన ప్రశ్న ‘ఏ ట్యాబు?’ అని కాదు, ‘ఏ పనికి?’ అని. మదనపల్లె సమీపమునందలి ఋషివ్యాలీ వారు పల్లెబడులకై అట్టముక్కలమీద పాఠములను వరుసగా నేర్పరచి, వేర్వేఱు తరగతుల పిల్లలొక్క గదిలోనే యెవరి వేగమున వారు నేర్చుకొనునట్లు చేసిరి. అట్టముక్కకు విద్యుత్తక్కఱలేదు. అది చేయగల పనికి ట్యాబును కొనుట వృథావ్యయము. అది చేయలేని పనులును గలవు: ఊరి ముసలమ్మ చెప్పు కథను ధ్వనిముద్రణము చేయుట, విత్తనము మొలకెత్తుటను దినదినము ఛాయాచిత్రములు తీసి పోల్చుట, జియోజీబ్రాలో త్రిభుజమును కదపి దాని ధర్మమును కనుగొనుట. ఇట్టివానికి నలుగురు పిల్లలకొక్క ట్యాబు చాలును. నలుగురు కూడి మాటలాడుకొని చేయుటయే మేలు కూడ.

పని నిశ్చయమైన పిదప పరీక్ష. ఒక్కదానిని మాత్రమే కొని, పక్షము దినములు పిల్లల చేతికిచ్చి చూడుడు. ఇంటర్నెట్టు లేనప్పుడు పనిచేయునా? బడివేళ ముగియువఱకు బ్యాటరీ నిలుచునా? తెలుగు ఒత్తులును గుణింతములును చెదరక కనబడునా? అద్దము పగిలినను, ఛార్జింగు రంధ్రము వదులైనను మనయూరి దుకాణమున బాగుచేయుదురా? భద్రతా అప్‌డేట్లు ఎన్ని సంవత్సరములు వచ్చును? ఈ కడపటి ప్రశ్నకు వ్రాతమూలకమైన జవాబు లేనిచో కొనవలదు. ఒకమారు నింపుకొనిన, ఇంటర్నెట్టు లేకయే పాఠములను, వికీపీడియాను అందించు కోలిబ్రీ, కివిక్స్ వంటి వెలలేని సాధనములు గలవు. వానిని చక్కగా నడపు పరికరమునే యెన్నుకొనవలయును.

ఊరక యిచ్చెదమని వచ్చువారిని మఱింత జాగ్రత్తగా విచారింపవలయును. పిల్లల పేర్లు, తప్పులు, అలవాట్లు ఎవరి ఖాతాలో చేరును? 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ శాసనము పదునెనిమిదేండ్లు నిండనివారికి ప్రత్యేకరక్షణమును నిర్దేశించినది. ఆ రక్షణమును దానమునకు ప్రతిఫలముగా వదలుకొను హక్కు నిర్వాహకులకు లేదు.

తుదకొక్కమాట. అదే ధనముతో ఉపాధ్యాయునకు జీతము పెంచినను, గ్రంథాలయమునకు పుస్తకములు కొనినను కలుగు ఫలమును ప్రక్కన నుంచి లెక్కవేయుడు. ఆ లెక్కలో ట్యాబు గెలిచినచో నిస్సంకోచముగా కొనుడు. ఓడినచో, పొరుగుబడిలో నున్నది మన బడిలో లేదని సిగ్గుపడ నక్కఱలేదు.