రెండవవాని వెల

అమెరికా ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్‌కు మారుగా మరొకడు బయట కూర్చుంటాడు. వాని ఒప్పందం ముగియవచ్చినప్పుడు ఇతర జట్లు బేరీజు వేయడం మొదలుపెడతాయి.

నిక్ ఫోల్స్‌నే చూడండి. 2017 డిసెంబరులో కార్సన్ వెంట్జ్ గాయపడగా ఫిలడెల్ఫియా ఈగిల్స్ పగ్గాలు పట్టి, 2018 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిపించాడు. అయినా ఆ జట్టు వెంట్జ్‌నే నమ్ముకొన్నది. 2019లో జాక్సన్‌విల్ జాగ్వార్స్ నాలుగేండ్లకు 8.8 కోట్ల డాలర్ల ఒప్పందం వ్రాసింది. మొదటి ఆటలోనే ఎముక విరిగింది. కోలుకొని వచ్చినా రాణించలేదు. ఏడాదికే చికాగోకు పంపివేసింది.

ఉద్యోగపు తొలినాళ్ళలో నేనూ ఇతరుల సెలవు ఖాళీలలో పనిచేసినవాడను. ఒక బడిలో పండిన పాఠం మరొక బడిలో పండకపోవడం ఎరుగుదును. రెండవవానికి వెలకట్టేవారు "ఎంత?" అనుటకు ముందు "ఎవరి నడుమ?" అని అడుగవలెనని నా అభిప్రాయం. మీరేమంటారు?